రెండు వారాల్లో ఏం చేసొస్తారు?

పోయిన నెల ఇదే పేజీలో ఎవరికో జవాబిస్తూ, నేను 2015లో భూకంపం తర్వాత వాలంటీరుగా నేపాల్ వెళ్ళి ఇరవై మూడు రోజులు రాళ్ళు మోసొచ్చానని మాటవరసకి ఒక ముక్క రాశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం దాని మీదే. మేమూ వెళ్తాం, మా అమ్మాయిని పంపమంటారా, ఏజెంటు ఇంత అడుగుతున్నాడు, తిరిగొచ్చాక నిద్ర పట్టట్లేదు... ఇలా. ఒకాయనయితే "ఇక్కడి మురికివాడలు కళ్ళకి కనపడలేదా తల్లీ, కొండలెక్కి పోయావు" అని కార్డు ముక్క రాశారు. అయ్యా, మీరడిగింది తప్పేం కాదు, జవాబు కింద ఎక్కడో వస్తుంది, చదువుతూ పోండి. ఆస్తి పంపకాలు, ఆడపడుచు గొడవల వాళ్ళు ఈ ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయికి పదహారు దాటాయి, పదకొండో క్లాసు. ఈ సమ్మర్‌లో కంబోడియాలోని సియెం రీప్‌లో ఒక అనాథాశ్రమంలో రెండు వారాలు పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ప్రోగ్రాం ఉందట. విమానం టికెట్ కాకుండా 3,200 డాలర్లు. స్నేహితురాళ్ళు ముగ్గురు వెళ్తున్నారు. కాలేజీ అప్లికేషన్‌లో ఎస్సే రాయడానికి పనికొస్తుందని ఎవరో చెప్పారు. మా వారు డబ్బు దండగంటారు. మా అత్తగారు "మన ఊళ్ళో దిక్కులేని పిల్లలు లేరా" అంటారు. వెళ్తే తన జీవితమే మారిపోతుందని ఇది ఏడుస్తోంది. పంపమంటారా?
— ఒక అమ్మ, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అమ్మా, కంబోడియాకి పంపండి. అనాథాశ్రమానికి వద్దు. డబ్బు దండగ అనే మాట మాత్రం దాని దగ్గర ఎత్తకండి, ఆ వయసులో ఆ ఒక్క మాటతో మిగతాదేదీ చెవికెక్కదు.

సియెం రీప్ అంటే అంగ్‌కోర్ వాట్ ఉన్న ఊరు. ఏటా లక్షల మంది టూరిస్టులు దిగుతారు. ఆ దేశంలో 2005 నుంచి 2010 లోపు పిల్లల ఆశ్రమాలు 75 శాతం పెరిగాయి. ఆ ఐదేళ్ళలో అక్కడ యుద్ధమేమీ జరగలేదు, లక్షల మందిని చంపిన ఖ్మేర్ రూజ్ పాలన పోయి అప్పటికే పాతికేళ్ళు. మరి అంతమంది అనాథలు ఎక్కణ్ణుంచి వచ్చారు? యూనిసెఫ్, అక్కడి ప్రభుత్వం కలిసి ఆరా తీస్తే, ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి అమ్మో నాన్నో బతికే ఉన్నారని తేలింది. జరిగేది ఏమిటంటే, పల్లెలో కూలి చేసుకునే తల్లి దగ్గరికి ఎవరో వచ్చి, పట్నంలో పెడితే మూడు పూటలా తిండి, బడి, పైగా తెల్లవాళ్ళు వచ్చి ఇంగ్లీషు చెప్తారు అంటారు. మనవాళ్ళు పిల్లల్ని హాస్టల్లో వేసినట్టే ఆవిడా వేస్తుంది, పిల్ల బాగుపడుతుందనే ఆశతోనే. ఇక అక్కణ్ణుంచి ఆ ఆశ్రమం నడిచేది వచ్చిపోయేవాళ్ళ డబ్బుతో. వచ్చేవాళ్ళు పెరిగితే పిల్లలూ పెరగాలి. పిల్లలు తగ్గితే వచ్చేవాళ్ళుండరు, అంచేత ఏ పిల్లనీ ఇంటికి పంపాలని ఎవరికీ ఉండదు. మంచివాళ్ళు నడిపేవి లేవని నేననను. కానీ మంచివాళ్ళయితే రెండు వారాలకోసారి కొత్తవాళ్ళని లోపలికి రానివ్వరు కదా.

మీ అమ్మాయి ఆ బ్రోషర్‌లో ఫోటోలు చూపించే ఉంటుంది. వచ్చిన గంటలోనే కొత్త అక్క ఒళ్ళో ఎక్కి, మెడ చుట్టూ చేతులేసి నవ్వుతున్న మూడేళ్ళ పిల్ల. ఎంత ప్రేమో అనుకుంటాం. మీ అమ్మాయికి మూడేళ్ళప్పుడు ఇంటికి కొత్తవాళ్ళొస్తే ఏం చేసేదో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ వెనక దాక్కుని, డ్రెస్సు పట్టుకుని, ఒక కన్నుతో చూసేది. పిల్లలు అలా ఉండాలి. ఎవరొచ్చినా ఎగిరి ఒళ్ళో కూర్చునే పిల్ల అలా ఎందుకు తయారైందంటే, దాని దగ్గరికి ఏడాదికి ఇరవై ఆరు మంది అక్కలొచ్చి ఇరవై ఆరుసార్లు ఏడ్చి వెళ్ళిపోయారు. ప్రతి అక్కా రంగుల పేర్లు, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు నేర్పింది. మళ్ళీ వచ్చే అక్కా అవే మొదలెడుతుంది, ముందొచ్చినావిడ ఎక్కడిదాకా చెప్పిందో తెలీదుగా. పిల్లలకి నోటికొచ్చినవే, అయినా కొత్తగా నేర్చుకున్నట్టు అరుస్తారు. అదీ వాళ్ళకి అలవాటే.

ఇంకొక్కటి అడగండి దాన్ని. మీ వీధి చివర డేకేర్‌లోకి పదహారేళ్ళ పిల్ల వెళ్ళి, నాకు పిల్లలంటే ఇష్టం, రెండు వారాలు నేనే క్లాసు చెప్తానంటే రానిస్తారా? ఎవరు, ఏమిటి, పోలీసు రికార్డేమైనా ఉందా అని సవాలక్ష చూస్తారు. అక్కడ 3,200 కడితే చాలు. మరి ఆ 3,200 కట్టే ఇంకొకడు ఎలాంటివాడో మనకేం తెలుసు? ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో చేసిన తీర్మానంలోనే ఈ ఆశ్రమాల వాలంటీరింగ్ వల్ల పిల్లలకి జరిగే హాని గురించి ఉంది.

ఎస్సే సంగతి. హార్వర్డ్ విద్యా విభాగం వాళ్ళు 2016లో ఒక నివేదిక ఇచ్చారు, చాలా కాలేజీల అడ్మిషన్ల వాళ్ళు దానికి ఒప్పుకున్నారు. దూరదేశం పోయి చేసే ఖరీదైన సేవ గొప్ప, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకోవడం తక్కువ అనుకోవద్దని అందులో ఉంది. మీ అత్తగారికి మందులు ఇచ్చి, వీడియో కాల్ కలిపి, అపాయింట్‌మెంట్‌లో ఆవిడ మాట డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పేది మీ అమ్మాయేనేమో కనుక్కోండి. దాని మీద ఎస్సే రాస్తే నేనయితే చదువుతాను.

అయినా కంబోడియాకి పంపమని ఎందుకన్నానంటే, ఆ వయసులో ఇంకో దేశం చూడాలి. మీరూ వెళ్ళండి. గుళ్ళు చూడండి, మన పురాణాలు ఆ గోడల మీద ఎలా ఉన్నాయో చూస్తే మీ అత్తగారూ సంతోషిస్తారు. తర్వాత నామ్ పెన్‌లో తువోల్ స్లెంగ్‌కి తీసుకెళ్ళండి. అది ఒకప్పటి హైస్కూలు. 1975 తర్వాత ఖ్మేర్ రూజ్ వాళ్ళు దాన్ని జైలు చేశారు, క్లాసురూముల మధ్య ఇటుకలతో అడ్డుగోడలు కట్టి మనుషుల్ని కట్టేశారు. నల్లబల్లలు ఇంకా ఉన్నాయి. పిల్లలకి పాఠం చెప్పాలని బయల్దేరిన అమ్మాయి ముందు ఆ బడి చూడాలి. జీవితం మారాలంటే అక్కడే మారుతుంది, ఫీజు కొద్దిగానే.

ప్రశ్న: అక్కా, నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. మొన్న నేపాల్ నువాకోట్ జిల్లాలో ఒక కొండ మీది బడిలో మూడు వారాలు కంప్యూటర్ నేర్పి వచ్చాను. ఏమీ లేకపోయినా వాళ్ళు ఎంత ఆనందంగా ఉన్నారో! వచ్చినప్పటి నుంచి ఇక్కడ ఏదీ నచ్చట్లేదు. ఫ్రెండ్స్ వారం వారం బిర్యానీలకి వెయ్యి రూపాయలు తగలేస్తుంటే కోపమొచ్చి తిట్టాను, ఇప్పుడు పిలవడం మానేశారు. రాజీనామా చేసి ఇలాంటి పనిలోకే వెళ్ళిపోదామనుంది, అమ్మ ఏడుస్తోంది. పిల్లలకి మళ్ళీ దసరాకి వస్తానని మాటిచ్చాను.
— పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏమనుకోకు, నా పాత డైరీ చదివినట్టే ఉంది.

భూకంపం వచ్చింది 2015 ఏప్రిల్ 25, శనివారం, మధ్యాహ్నం పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా. శనివారం అక్కడ బడికి సెలవు. కూలిన తరగతి గదుల లెక్క చూస్తే, ఆ ఒక్క కారణంతో ఎంతమంది పిల్లలు మిగిలారో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయినా దాదాపు తొమ్మిది వేల మంది పోయారు, అందులో అన్ని జిల్లాలకంటే ఎక్కువ మంది సింధుపాల్‌చోక్ జిల్లా వాళ్ళు. నేను ఆ జిల్లాకే వెళ్ళాను, అక్టోబరు చివర్లో. అప్పుడు బోర్డరు దగ్గర లారీలు నిలిచిపోయి దేశమంతా గ్యాస్ లేదు, పెట్రోలు లేదు. ఇండియానే ఆపించిందని వాళ్ళు, కాదు, అక్కడి దక్షిణ మైదానాల మధేశీల ఆందోళన వల్లేనని మన ప్రభుత్వం. నేనేమో సేవ చెయ్యడానికి వచ్చిన ఇండియన్ని. బస్సులో జనం చోటిచ్చారు కానీ ఒక పెద్దాయన "మీ వాళ్ళని కొంచెం గ్యాస్ వదలమని చెప్పమ్మా" అన్నాడు. తల దించుకుని కూర్చున్నా.

చౌతారా పైన ఒక తమాంగ్ ఊళ్ళో మా పని, కూలిన ఇళ్ళ రాళ్ళు ఏరి పక్కన పడేసి, జస్తా రేకుల షెడ్డుకి చోటు చెయ్యడం. నాకిచ్చింది ఒక ముసలావిడ ఇల్లు. అందరూ ఆమా అనేవాళ్ళు. నేను మంచి ఊపు మీదున్నా. రెండు రోజులు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా మోసి, వాలు పక్కన ఎంత చక్కగా గుట్ట పెట్టానో, ఫోటో కూడా తీసుకున్నా. మూడో రోజు ఆమా రేకుల కింద నుంచి లేచొచ్చి నా చేతిలో రాయి తీసుకుంది. తిప్పి చూపించింది. రెండు పక్కలా నున్నగా, లంబకోణంలో చెక్కి ఉంది. మూల రాయి. వాళ్ళ మామగారి కాలంలో ఉలితో చెక్కించినవి. గోడ మూల నిలబడాలంటే అవే కావాలి, కొత్తవి చెక్కించాలంటే డకర్మీకి, అంటే మేస్త్రీకి, విడిగా కూలి. నేను వాటిని మామూలు రాళ్ళతో కలిపేసి నా అందమైన గుట్ట అడుక్కి వేసేశాను. ఆవిడా కోడలూ రెండు రోజులు కూర్చుని ఆ గుట్ట మళ్ళీ విప్పారు. ఒక్క మాటన్లేదు. పుల్లల పొయ్యి మీద టీ కాచి ముందు నాకే ఇచ్చింది.

హైదరాబాద్ వచ్చి నేనూ నీలాగే అందరికీ క్లాసు పీకాను, ఏమీ లేకపోయినా ఎంత ఆనందమో అని. రాళ్ళ సంగతి మాత్రం మూడేళ్ళ దాకా ఎవరికీ చెప్పలేదు. ఏమీ లేకపోయినా ఆనందం అనే మాట వాళ్ళనగా విన్నావా నువ్వు? నేను వినలేదు. ఆమాకి ఇల్లు కావాలి. కొడుకు ఖతర్‌లో ఉన్నాడు, మా జగిత్యాల వాళ్ళు ఉన్నట్టే, అప్పు చేసి పోయినవాడు. ప్రభుత్వం ఇంటికి మూడు లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చింది, అంటే మన డబ్బులో లక్షా ఎనభై ఏడు వేల చిల్లర. దానికి కొడుకు పంపింది, వడ్డీకి తెచ్చింది కలిపి మూడేళ్ళకి ఇల్లు లేచింది. అందులో నా ఇరవై మూడు రోజులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి.

అయినా నువ్వు మారలేదని నేననను. మార్పు నిజమే, నాకూ నిజమే. కాకపోతే నా మార్పు పనికొచ్చింది అక్కడ కాదు. ఖతర్ నుంచి కొడుకు ఫోను రాకపోతే ఆమా రోజుకి నాలుగుసార్లు కోడలి ఫోను తీసి చూసేది. తిరిగొచ్చాక మా ఊరెళ్తే మా పక్కింటావిడ అదే చేస్తోంది, నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, అప్పటిదాకా కళ్ళకి ఆనలేదు. ఇప్పుడు నెలకి రెండు శని, ఆదివారాలు జగిత్యాలలో గల్ఫ్ కుటుంబాలకి కాగితాలు రాసిపెడతాను, ఎంబసీకి అర్జీలు, ఆగిపోయిన జీతం, శవం రప్పించడం. కార్డు ముక్క రాసినాయనా, ఇదే మీ జవాబు. కొండలెక్కకపోతే నాకు మా వీధి కనపడేది కాదు, ఏం చెయ్యమంటారు.

రాజీనామా ఆరు నెలలు ఆపు. ముందు ఆ బడి హెడ్మాస్టరుకి ఫోను చేసి కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయా, వాన పడితే కరెంటు ఉంటోందా, నువ్వు చెప్పిందాన్ని ఏ టీచరైనా కొనసాగిస్తున్నారా కనుక్కో. ఎవరూ లేకపోతే ఆ టీచర్లలో ఒకరికి వారానికి గంట ఫోన్లో నేర్పు, నీ ఉద్యోగం నీ చేతిలో ఉంటేనే అది కుదురుతుంది. దసరాకి వస్తానని పిల్లలకి చెప్పావుగా, టికెట్ ఇప్పుడే తియ్యి. సాకులు చెప్పి ఎగ్గొట్టావో, నాకు మళ్ళీ ఉత్తరం రాయకు. ఇక ఆ ఫ్రెండ్స్‌కి ఫోను చేసి ఈసారి బిర్యానీ నీ ఖర్చని చెప్పు.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. ఒక ఏజెంటు లక్షన్నర కడితే నెల రోజులు టాంజానియా ఆస్పత్రిలో వాలంటీర్‌గా వేయిస్తానన్నాడు. ఇక్కడ స్టూడెంట్లని చెయ్యనివ్వని కుట్లు, కాన్పులు అక్కడ మన చేత్తో చెయ్యొచ్చట. అనుభవం వస్తుంది కదా?
— స్వాతి (పేరు మార్చాం), గుంటూరు

జవాబు: వస్తుంది తల్లీ, ఎవరి ఒంటి మీద వస్తుందో అదే చూడాలి. ఇక్కడ ఎందుకు చెయ్యనివ్వరో నీకు నాకంటే బాగా తెలుసు. రేపు మీ అక్క కాన్పుకి వెళ్తే, నిన్ననే విమానం దిగిన మూడో సంవత్సరం పిల్ల, తెలుగు ముక్క రాదు, పక్కన సీనియర్ లేదు, సూది పట్టుకుని వస్తే మీ అమ్మ ఊరుకుంటుందా? అక్కడి ఆడవాళ్ళకీ అమ్మలుంటారు. స్వాహిలీలో "ఇనౌమా" అంటే నొప్పెడుతోంది అని. ఆ ఒక్క మాట కూడా తెలీకుండా లేబర్ రూములో నిలబడి ఏం చేస్తావు? పైగా ఏ దేశంలోనైనా నర్సుగా చెయ్యి వెయ్యాలంటే అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఏదైనా తేడా జరిగితే ఏజెంటు ఫోన్ ఎత్తడు.

కోరిక మాత్రం వదులుకోకు. డిగ్రీ అవ్వనీ, మంచి ఆస్పత్రిలో రెండేళ్ళు గట్టిగా పని చెయ్యి, ఎమర్జెన్సీయో, పిల్లల వార్డో, కాన్పుల వార్డో. డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ లాంటి సంస్థలు నర్సుల్ని తీసుకునేటప్పుడు కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతాయి, ఢిల్లీలో వాళ్ళ ఆఫీసుంది. నీ దగ్గర ఫీజు తీసుకోరు, వాళ్ళే నీకు డబ్బిస్తారు, ఇన్సూరెన్సు కడతారు. నీ పని కావాల్సినవాడు నీకిస్తాడు, నీ డబ్బు కావాల్సినవాడు నీ దగ్గర తీసుకుంటాడు. లక్షన్నర మీ నాన్నగారి ఖాతాలోనే ఉండనీ.

ప్రశ్న: అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 61. బీపీ ఉంది, మందులతో అదుపులో ఉంది. మా ఆవిడ పోయి మూడేళ్ళు. ఆఫ్రికాలో ఎక్కడైనా ఏడాదిపాటు పాఠాలు చెప్పాలని ఉంది అంటే పిల్లలు నవ్వుతున్నారు. నవ్వులాటేనా?
— ఖమ్మం నుంచి ఒక మాస్టారు

జవాబు: నమస్కారం మాస్టారూ. మీ పిల్లలకి ఒకావిడ సంగతి చెప్పండి. అమెరికా ప్రెసిడెంటుగా చేసిన జిమ్మీ కార్టర్ ఉన్నారే, ఆయన తల్లి లిలియన్ కార్టర్, నర్సు. భర్త పోయాక 68 ఏళ్ళ వయసులో, అమెరికా ప్రభుత్వం వాలంటీర్లని పంపే పీస్ కోర్‌లో చేరి 1966లో మన దేశం వచ్చింది, ముంబయి పక్కన విక్రోలిలో దాదాపు రెండేళ్ళు రోగుల్ని చూసుకుంది. కొడుకు అప్పటికి ప్రెసిడెంటు కాదు లెండి, వేరుశనగ పండించుకుంటూ రాష్ట్ర రాజకీయాల్లో తిరుగుతున్నాడు. ఆవిడతో పోలిస్తే మీరు కుర్రాళ్ళు.

పీస్ కోర్ అమెరికా పౌరులకే. మనలాంటివాళ్ళకి ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల సంస్థ ఉంది, జర్మనీలోని బాన్‌లో ఆఫీసు. అనుభవం ఉన్నవాళ్ళని వేరే విభాగంలో తీసుకుంటారు, ఫీజు లేదు, బతకడానికి నెల నెలా భత్యం ఇస్తారు. పేరు నమోదు చేసుకోవడం ఆన్‌లైన్‌లోనే, మనవడెవరైనా ఉంటే గంట పని. పోటీ గట్టిగానే ఉంటుంది, వెంటనే పిలుపు రాలేదని నీరసపడకండి. ఇంట్లోంచే చేసే ఆన్‌లైన్ వాలంటీరు పనులు కూడా వాళ్ళ దగ్గరే దొరుకుతాయి, ముందు వాటితో మొదలెడితే ఇంగ్లీషులో రిపోర్టు రాయడం, అవతలివాళ్ళ పద్ధతులు అలవాటవుతాయి. ఆఫ్రికా అంటే మనకేం కొత్త కాదు మాస్టారూ, ఇథియోపియా యూనివర్సిటీలకి జీతానికి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చిన తెలుగు లెక్చరర్లు ఎంతమంది లేరు. మీ పాత స్టూడెంట్లలోనే వెతకండి, ఎవరో ఒకరు ఉంటారు.

ఒక్క విన్నపం. క్లాసులో సుద్దముక్క పట్టుకునే అవకాశం వస్తే సంతోషమే కానీ, అక్కడి కుర్ర టీచరు పక్కన కూర్చునే పని అడగండి. మీరు ఏడాదికి వచ్చేస్తారు, ఆ టీచరు ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉంటాడు. భిన్నాల కూడిక దగ్గర పిల్లలు ఎందుకు తడబడతారో, కింది అంకెల్ని కూడా కూడేస్తారెందుకో, మీకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ ఉండదు. బీపీ మందులు మొత్తం కాలానికి ఒకేసారి తీసుకెళ్ళనిస్తారో లేదో, అక్కడ అవే దొరుకుతాయో లేదో వెళ్ళేముందు కనుక్కోండి. డాక్టరు చీటీలో మందు అసలు పేరు రాయించుకోండి, కంపెనీ పేరు చూపిస్తే అక్కడ షాపువాడికి అర్థం కాదు.

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. చిన్నప్పుడు నా చదువుకి స్పెయిన్ నుంచి ఒకామె డబ్బు పంపేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె మా ఊరొచ్చింది. మమ్మల్ని నీళ్ళు పోసి, తల దువ్వి, బంతిపూల దండలిచ్చి వరసగా నిలబెట్టారు. ఆమె ఫోటో ఆల్బమ్ తెచ్చింది, వాళ్ళ ఇల్లు, వాళ్ళమ్మ, వాళ్ళ కుక్క. కుక్క పేరు లూనా. మా ఇంట్లో కూర్చొని ఉన్నట్టుండి ఏడ్చింది. మా అమ్మ భయపడి "ఎందుకేడుస్తాంది, మనమేమన్నా అన్నామా" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నాకు 31. డ్రిప్ ఇరిగేషన్ పనిలో ఉన్నా. ఒక సంస్థ ద్వారా కెన్యాలో కితుయి అనే చోటికి ఆరు నెలలు, రైతులకి డ్రిప్ నేర్పడానికి వాలంటీర్‌గా పోతున్నా. నేను గూడ వాళ్ళకి ఆమె మాదిరి కనపడతానేమో అనిపిస్తాంది. పిల్లలకి ఏం తీసుకుపోవాల?
— ఒక రైతుబిడ్డ

జవాబు: నాయనా, ఇన్ని ఉత్తరాల్లో నేను రెండోసారి చదువుకున్నది నీదొక్కటే. వెళ్ళేవాళ్ళందరూ నాకు రాశారు, దండ పట్టుకుని వరసలో నిలబడినవాడు నువ్వొక్కడివే రాశావు.

ఆమె ఎందుకేడ్చిందో నాకు తెలీదు. నేను ఆమా ఇంట్లో ఎందుకేడ్చానో మాత్రం తెలుసు, అందులో సగం నా మీద నాకు కలిగిన జాలి, సగం సిగ్గు. మీ అమ్మగారికి తన తప్పేమో అనిపించింది చూడు, ఆ సంగతి ఆమెకి ఎవరైనా చెప్తే బాగుండేది. నువ్వు మాత్రం కన్నీళ్ళొస్తే బయటికెళ్ళి ఏడువు.

మీ జిల్లాకి 1969లో ఇంకో స్పెయిన్ మనిషి వచ్చాడు, విన్సెంట్ ఫెర్రర్. మీరంతా ఫాదర్ అంటారు. మహారాష్ట్ర నుంచి పొమ్మంటే, దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో ఒకటి చూసుకుని మరీ వచ్చి, 2009లో పోయేదాకా నలభై ఏళ్ళు అక్కడే ఉన్నాడు. ఎవరైనా ఒక్కరోజు వచ్చి ఏడ్చి వెళ్ళినా మీ ఊళ్ళకి నష్టం లేకపోయిందంటే, ఆమె విమానం ఎక్కాక కూడా మీ దగ్గర ఉండిపోయిన మనుషులున్నారు, బడి, ఆస్పత్రి నడిచాయి. కితుయిలో అలా ఉండిపోయేవాళ్ళు ఎవరో నువ్వు మొదటి వారంలోనే కనుక్కోవాలి. డ్రిప్పర్‌లో ఉప్పు పట్టి మూసుకుపోతే యాసిడ్ ఎక్కడ దొరుకుతుంది, ఫిల్టర్ జాలీ చిరిగితే ఏ ఊళ్ళో అమ్ముతారు, పైపు ఎలక కొరికితే అతుకు వేసేదెవరు. నీకు తెలిసిన బాధలే, మన పొలాల్లో సబ్సిడీ పైపులు చుట్టలు చుట్టి పశువుల పాకలో పడి ఉండటం నువ్వు చూడందా. ఇద్దరు కుర్రాళ్ళని నీ అంత పనివాళ్ళని చేసి వస్తే ఆరు నెలలు సరిపోయినట్టే.

నేర్చుకుని రావాల్సింది కూడా ఉంది. ఆ ప్రాంతంలో ఇసుక డ్యాములు కడతారు. వానాకాలం ఒక్కటే పారే ఏటికి అడ్డంగా చిన్న గోడ. రెండు మూడు వానలకి గోడ వెనక ఇసుక నిండిపోతుంది, నీళ్ళు ఆ ఇసుకలో దాక్కుంటాయి, ఎండకి ఆవిరైపోవు. తవ్వుకుని తోడుకుంటారు. మీ అమ్మమ్మ వాళ్ళు పెన్నలోనో వేదవతిలోనో చెలమలు తవ్వి కడవ నింపుకున్నారే, దానికే గోడ కట్టి పెద్దది చేశారనుకో. కొలతలు రాసుకుని రా.

ఆమె మాదిరి కనపడతావేమోనని దిగులు వద్దు, కనపడవు. కెన్యాలో మనవాళ్ళంటే దుకాణాల వాళ్ళు, తరతరాలుగా అక్కడే ఉన్నారు, 2017లో ప్రభుత్వం వాళ్ళని దేశంలో 44వ తెగగా గుర్తించింది కూడా. కాబట్టి నిన్ను చూడగానే ముహిందీ, అంటే ఇండియావాడు, అంటారు, షాపు ఎక్కడ పెట్టావు అని అడుగుతారు. నైరోబీలో ఉన్న మా తమ్ముణ్ణి పదేళ్ళ నుంచి అడుగుతూనే ఉన్నారు, వాడు చేసేది అకౌంట్స్ ఉద్యోగం. తిండికి ఇబ్బంది లేదు. ఉగాలి అని పెడతారు, మొక్కజొన్న పిండి కెలికి ముద్ద చేసింది. చేత్తో తుంచుకుని ఆకుకూరతో తినాలి. మీ సంగటే అనుకో, రంగు తెలుపు. ముద్ద తుంచడం నీకు ఎవరూ నేర్పక్కర్లేదు, అది చూసి వాళ్ళే దగ్గరికొస్తారు.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, విశాఖలో పోర్టు హెల్త్ వాళ్ళు వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు.

పిల్లలకి చాక్లెట్లు, పెన్నులు కట్టలు కట్టి తీసుకెళ్ళకు. బస్సు దిగిన ప్రతి కొత్తవాడి జేబు వైపు చూడటం వాళ్ళకి నువ్వు అలవాటు చెయ్యొద్దు. మీ ఇంటి ఫోటోలు కడిగించుకుని వెళ్ళు, ఫోన్లో కాదు, చేత్తో పట్టుకునేవి. మీ అమ్మగారు, మీ వేరుశనగ చేను, ఎండిపోయిన బోరు, మీ ఎద్దులుంటే ఎద్దులు, వాటి పేర్లు. నేపాల్లో ఆమా నన్ను మొదట అడిగింది మీ ఇల్లు రాయితో కట్టిందా, మట్టితోనా అని. నా ఫోన్లో అన్నీ వాళ్ళ కూలిన ఇళ్ళ ఫోటోలే ఉన్నాయి, మా ఇల్లు ఒక్కటీ లేదు. మీ స్పెయిన్ ఆమె పంపిన డబ్బు ఎంతో నువ్వు రాయలేదు. ఏ బడి ఫీజు కట్టిందో రాయలేదు. ఇరవై రెండేళ్ళయినా కుక్క పేరు మాత్రం రాశావు.